పదీ నలభై నుంచి పదీ నలభై అయిదు దాకా

టీ కప్పు పక్కకు జరిపి
వంటగది బల్ల మీద గళ్ల కాగితం పరిచాను.
మూడో తరగతి, పంతొమ్మిది మంది.
వెంట పెద్దవాళ్లు నలుగురుండాలి,
దొరికింది ఇప్పటికి ఇద్దరున్నర:
యోనస్ వాళ్ల తాతయ్య మధ్యాహ్నం దాకానే ఉంటాడట.
కిటికీ బయట అక్టోబరు,
విల్యాండి ఊరి మీద ఆరింటికే ముసుగేసిన చీకటి.

ప్రకృతి కేంద్రంలో ఫోనెత్తినావిడ పేరు మైరె.
ఎందరు, ఏ వయసు, ఏ రోజు,
అన్నీ టకటకా అప్పజెప్పేశాను.
"బాగుంది. ఇంతకీ వాళ్లకేం చూపించమంటారు?"
నాకు నోరు పెగల్లేదు.
పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను,
ఈ ముక్క ఇంత మామూలుగా
నన్నెవరూ అడగలేదు.

"నాచు" అన్నాను చివరికి,
పుస్తకంలో తర్వాతి పాఠం అదే కనక.
ఆవిడ నవ్వింది.
"నాచు ఏడాదికి ఒక్క మిల్లీమీటరు నేల పేరుస్తుందండీ.
మీ పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ
ఈ చిత్తడి ఎత్తు పెరిగింది
వాళ్ల చిటికెనవేలి గోరంత.
హడావిడిగా వస్తే ఏం కనబడదు.
ఓ ఐదు నిమిషాలు ఊరికే నిలబడతారా?"

మర్నాడు బోర్డు మీద బూట్ల సైజులు.
ముప్పై రెండు, ముప్పై మూడు, మళ్లీ ముప్పై రెండు.
ఊకు లేచి నలభై ఒకటి అన్నాడు.
క్లాసంతా గొల్లుమంది.
వాడు మాత్రం లెక్క చెప్పినంత నిదానంగా,
"మా అన్నవి. మూడు జతల సాక్సులు తొడుక్కుంటా."
నేను నలభై ఒకటే రాశాను.
గంట కొట్టాక, ఎవరూ లేకుండా చూసి,
నర్సు గదిలో పాత బూట్ల బీరువా తాళం వెతికాను.

హెలెరి చెయ్యెత్తలేదు.
ఆ పిల్ల బూట్లకి బురద అంటదు,
అడగాల్సింది చక్రాల కొలత.
నేను నోరు తెరవకముందే
"బస్సులో కూర్చుని బొమ్మలేసుకుంటాలే టీచర్" అంది,
బాగా వాడిన మాట,
అంచులు అరిగి నున్నగా ఉంది.
ఇంటికొచ్చాక కూడా అది
నా గొంతులో చేపముల్లులా అడ్డంపడే ఉంది.

"అరవై నాలుగు సెంటీమీటర్లు" అని మళ్లీ ఫోన్ చేశాను.
మైరె ఫోన్ పెట్టకుండానే కోటు వేసుకున్నట్టుంది:
తలుపు, గాలి, చెక్కబాట మీద అడుగులు,
టేపు సాగిన కిర్రు.
"బాట ఎనభై ఉంది.
రెండో మలుపు దగ్గరే, చక్రం అంచు దాటిపోతుంది."
కాసేపు గాలి ఒక్కటే మాట్లాడింది.
"కాల్యుతో చెబుతా. రెండు పలకలు కొడతాడు."

ప్రణాళిక హెడ్మాస్టర్ బల్ల మీదికి వెళ్లింది.
తొమ్మిదికి బస్సు.
పదింటికి మరుగుదొడ్లు: పంతొమ్మిది మంది, రెండు తలుపులు,
కాబట్టి ఇరవై నిమిషాలు.
వాన పడితే మరుసటి గురువారం.
వేరుశనగ పడనివాళ్లు ఇద్దరు, కందిరీగ పడనిది ఒకరికి.
పదీ నలభై నుంచి పదీ నలభై అయిదు దాకా:
ఏమీ చేయకూడదు.

ఆ గడి చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి తిప్పి పంపారాయన.
పక్కన ఒకే మాట: "ప్రయోజనం?"

ధ్వనుల పరిశీలన అని రాశాను. కొట్టేశాను.
ఏకాగ్రత అని రాశాను. అదీ కొట్టేశాను,
మా క్లాసుని ఎరిగినదాన్ని కదా.
చివరికి ఆ కొట్టివేతల కింద
మిగిలిన కాస్త చోటులో
"గోరంత" అని రాసి పంపాను.
ఏమనుకున్నారో ఏమో,
ముద్రయితే పడింది, కొంచెం వంకరగా.

నిన్న మైరె ఫోటో పంపింది.
వానలకి నెరిసిపోయిన బాట మలుపులో
రెండు కొత్త పలకలు,
పైన్ జిగురింకా ఆరని పచ్చివి.

హెలెరికి చూపించాను.
రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసి
మూలమూలా చూసింది.
చాలాసేపు చూసింది.
"ఇదిగో, ఈ మేకు పూర్తిగా దిగలేదు టీచర్.
వెళ్లినప్పుడు చెబుతాను."